కిటికీ ఎటువైపుందో చెప్పరేం?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల: ఇంట్లో పెట్టిన మొక్క ఎందుకు ఎదగడం లేదు? ఎరువు ఏం వేశారో రాస్తారు, నీళ్లు ఎన్ని గ్లాసులు పోస్తారో రాస్తారు, కుండీ ఎంతకు కొన్నారో కూడా రాస్తారు. కిటికీ ఎటువైపు ఉందో మాత్రం రాయరు. నేను హైదరాబాద్‌లో ఆఫీసులకు మొక్కలు అద్దెకిచ్చే పనిలో ఉన్నవాణ్ని. నా స్కూటర్ డిక్కీలో కత్తెర లేని రోజైనా ఉంటుందేమో గానీ వెలుతురు ఎంతుందో లక్స్ అనే కొలతలో చూపే లక్స్ మీటర్ లేని రోజు ఉండదు. అందుకే ఈ నెల జవాబులన్నీ వెలుతురు గురించే.

మాది మియాపూర్‌లో ఎనిమిదో అంతస్తు. హాలు బాగా వెలుతురుగా ఉంటుంది, పగలు లైటు వేసే పనే లేదు. అయినా సోఫా పక్కన పెట్టిన క్రోటన్ రంగులన్నీ పోయి ఉత్త ఆకుపచ్చగా అయిపోయింది. మనీ ప్లాంట్ తీగ సాగుతోంది గానీ ఆకులు చిన్నవైపోతున్నాయి, ఆకుకీ ఆకుకీ మధ్య జానెడు దూరం. ఎరువు మార్చమంటారా?
– ఒక గృహిణి, హైదరాబాద్

ఎరువు జోలికి వెళ్లకండమ్మా. మీ హాలు వెలుతురుగా ఉన్న మాట నిజమే, కాకపోతే అది మీ కంటికి. వెలుతురు తగ్గితే కన్ను సర్దుకుంటుంది, పెరిగినా సర్దుకుంటుంది. వంద రెట్ల తేడా ఉన్నా మనకు ‘కాస్త తక్కువ’ అనే అనిపిస్తుంది. ఆకుకి ఆ సౌకర్యం లేదు. పడినంత వెలుతురే దాని తిండి.

మీటర్ పెట్టి చూస్తే ఈ తేడా కళ్లకు కడుతుంది. ఏప్రిల్‌లో మిట్టమధ్యాహ్నం డాబా మీద దాదాపు లక్ష లక్స్ ఉంటుంది. చెట్టు నీడలోకి వస్తే పదివేలు. ఇంట్లో, నేరుగా ఎండ పడని కిటికీ గట్టు మీద రెండు మూడు వేలు. అక్కడి నుంచి పదడుగులు లోపలికి, సోఫా దగ్గరికి వస్తే రెండు మూడు వందలు. రాత్రి ట్యూబ్‌లైటు కింద మనం పేపర్ చదువుకునేది కూడా వంద, రెండొందల లక్స్‌లోనే. అంటే మీ క్రోటన్ పట్టపగలు కూడా ట్యూబ్‌లైటు కింద కూర్చున్నట్టే ఉంది.

అంత తక్కువ వెలుతురులో ఆకు సంపాదించేది దాని రోజువారీ ఖర్చుకే చాలదు. దాచుకున్నది తీసి తింటూ నెలల తరబడి నెట్టుకొస్తుంది. ఆ నెలల్లోనే మనం ‘పర్లేదు, ఇక్కడ బాగానే ఉంది’ అనుకుని నిశ్చింతగా ఉంటాం. క్రోటన్‌కి ఎరుపు, పసుపు రావాలంటే గట్టి వెలుతురు కావాలి. అది లేనప్పుడు వచ్చే కొత్త ఆకులు ఆకుపచ్చగానే వస్తాయి. మనీ ప్లాంట్ కణుపుల మధ్య జానెడు ఎడం రావడం బలం కాదు, వెలుతురు కోసం వెతుకులాట.

ఏ మొక్కకి ఎంత అని అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. జీజీ ప్లాంట్, స్నేక్ ప్లాంట్ ఐదారు వందల లక్స్‌లో బతికేస్తాయి, ఎదుగుదల మాత్రం అడక్కండి. అగ్లోనిమా, పీస్ లిల్లీ, మనీ ప్లాంట్ బాగుండాలంటే వెయ్యి నుంచి రెండు మూడు వేల దాకా కావాలి. క్రోటన్, ఎరీకా పామ్ ఐదు వేలు దాటిన చోట, వీలైతే పొద్దుటి ఎండ గంటా రెండు గంటలు తగిలేలా ఉండాలి. ఇవి నా పనిలో కుదిరిన అంకెలు. కాస్త అటూ ఇటూ అయినా కొంపేం మునగదు.

మీటర్ కొనక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో ముందువైపు, సెల్ఫీ కెమెరా పక్కన వెలుతురు కొలిచే సెన్సర్ ఉంటుంది. లక్స్ మీటర్ అని వెతికితే ఉచిత యాప్‌లు బోలెడు. ఫోన్‌ని ఆకు ఉన్న ఎత్తులో, తెర కిటికీవైపు తిప్పి పట్టుకోండి. అంకె అచ్చంగా సరిపోదు గానీ రెండు వందలా, రెండు వేలా అన్నది తేలిపోతుంది. అదీ వద్దంటే తెల్ల కాగితం ఒకటి మొక్క దగ్గర పెట్టి, అడుగు పైన అరచెయ్యి చాపండి. నీడ అంచులు గీసినట్టు పడితే మంచి వెలుతురు. మసగ్గా పడితే మధ్యరకం. నీడే పడకపోతే ఆ చోటు ప్లాస్టిక్ మొక్కకి.

క్రోటన్‌ని బాల్కనీకి మార్చండి. మనీ ప్లాంట్‌ని కిటికీ గట్టుకి తెచ్చి, సాగిన తీగల్ని సగానికి కత్తిరించండి. ఒక్క విషయం మరిచిపోకండి: లోపల ఉన్నంతకాలం నీళ్లు తగ్గించాలి. వెలుతురు తక్కువైతే మొక్క నీళ్లు తాగదు. మట్టి తడిగానే ఉండిపోయి వేరు కుళ్లుతుంది. ఆఫీసుల్లో నేను తీసి పారేసే మొక్కల్లో ఎక్కువ భాగం ఎండి చచ్చినవి కావు, తడిసి చచ్చినవే.

దక్షిణం కిటికీ మొక్కలకు అన్నిటికన్నా మంచిదని ఒక ఇంగ్లీషు పుస్తకంలో చదివాను. మాకు దక్షిణం వైపు పెద్ద కిటికీ ఉంది. తులసి, చిన్న గులాబీ అక్కడే పెట్టాను. సంక్రాంతికి కళకళలాడాయి. మే నెలకి వచ్చేసరికి, బయట రోళ్లు పగిలే ఎండ కాస్తుంటే, ఆ కిటికీలోకి ఒక్క కిరణం కూడా రావడం లేదు. పుస్తకం తప్పా, నా కిటికీ తప్పా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయవాడ

మాస్టారూ, ముందుగా దండం. దిక్కు రాసిన మొదటి ఉత్తరం మీది. పుస్తకం తప్పు కాదు, అది వేరే ఊరి పుస్తకం. లండన్ భూమధ్యరేఖకు 51 డిగ్రీల పైన ఉంది. అక్కడ ఏ నెలలో చూసినా మధ్యాహ్నం సూర్యుడు దక్షిణం వైపే ఉంటాడు. డిసెంబర్‌లో అయితే ఆకాశంలో 15 డిగ్రీల ఎత్తుకు మించి లేవడు. ఆ వాలు ఎండ దక్షిణం కిటికీలోంచి గది లోపలి గోడ దాకా వస్తుంది. వాళ్లకి దక్షిణమే దిక్కు.

విజయవాడ 16.5 డిగ్రీల దగ్గర ఉంది. మీకు మే మొదటి వారంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మళ్లీ ఆగస్టు మొదటి పది రోజుల్లో ఇంకోసారి వస్తాడు. ఈ రెంటి మధ్య మూడు నెలలూ మధ్యాహ్నం పూట సూర్యుడు మీకు ఉత్తరం వైపున ఉంటాడు. జూన్ 21న నడినెత్తి నుంచి ఏడు డిగ్రీలు ఉత్తరానికి. అలాంటప్పుడు దక్షిణం కిటికీలోకి ఎండ ఎలా వస్తుంది? ఉత్తరాయణం, దక్షిణాయనం అని పంచాంగంలో చదివేదంతా కిటికీ దగ్గర కూర్చుంటే కంటికే కనిపిస్తుంది.

ఇంకో చిక్కు సజ్జాతో. మన ఇళ్లకి కిటికీ మీద రెండడుగుల సజ్జా ఉంటుంది కదా. డిసెంబర్‌లో మధ్యాహ్నం సూర్యుడు మీకు 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అప్పుడు ఆ సజ్జా నీడ కిందికి రెండున్నర అడుగుల లోపే పడుతుంది. నాలుగడుగుల కిటికీ అయితే కింది భాగంలోకి ఎండ వస్తుంది, గట్టు మీది తులసికి పండగే. మార్చి 21 నాటికి సూర్యుడు 73 డిగ్రీలు దాటతాడు. అదే సజ్జా నీడ ఆరడుగులు దాటిపోతుంది, కిటికీ మొత్తం నీడలోకి వెళ్లిపోతుంది. అంటే మీ దక్షిణం కిటికీ అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా పనికొచ్చే కిటికీ. మిగతా ఏడాది అది మామూలు వెలుతురు ఇస్తుంది, ఎండ ఇవ్వదు.

తమాషా ఏమిటంటే, ఎందుకూ పనికిరాదనుకునే ఉత్తరం కిటికీకి మే, జూన్, జూలైల్లో పొద్దునా సాయంత్రం ఏటవాలు ఎండ వస్తుంది. ఆ రోజుల్లో సూర్యుడు ఈశాన్యం వైపు ఉదయించి వాయవ్యం వైపు అస్తమిస్తాడు. ఫెర్న్‌లను, పీస్ లిల్లీలను ‘ఉత్తరం కిటికీయే కదా’ అని అద్దానికి ఆనించి పెట్టినవాళ్లు మే నెలలో ఆకుల మీద గోధుమరంగు మచ్చలు చూసి తెగులు అనుకుంటారు. అది ఎండ దెబ్బ.

మన ఊళ్లలో ఏడాది పొడవునా నమ్ముకోదగ్గవి తూర్పు, పడమర కిటికీలు. లెక్క ప్రకారం ఆకాశం తేటగా ఉన్న రోజు రెండిటికీ దాదాపు ఒకే వెలుతురు వస్తుంది. తేడా వేడిలో. తూర్పు ఎండ చల్లటి గాలితో కలిసి వస్తుంది, పడమటి ఎండ అప్పటికే కాగిన గోడతో, అద్దంతో కలిసి వస్తుంది. తులసి, పుదీనా తూర్పుకి. కలబంద, అడీనియం లాంటి మొండి ఘటాలు పడమరకి. ఉగాది వెళ్లగానే మీ తులసిని తూర్పు కిటికీకి మార్చండి, దీపావళి తరవాత మళ్లీ దక్షిణానికి తెచ్చుకోండి. గులాబీ సంగతి వేరు. దానికి రోజుకు ఐదారు గంటల ఎండ కావాలి, ఏ కిటికీ చాలదు. డాబా ఎక్కించేయండి.

దోమల మెష్ ఉందా? ఉంటే, అందులోనూ దుమ్ము పట్టి ఉంటే, మూడో వంతు దాకా వెలుతురు అక్కడే ఆగిపోతుంది. నల్ల ఫిల్మ్ వేసిన అద్దం అయితే ఇంకా ఎక్కువ. మెష్ తెరిచి ఒకసారి, వేసి ఒకసారి ఫోన్‌తో కొలిచి చూడండి. నమ్మకం కుదిరాక దులపడానికి ఇంట్లో ఎవర్నీ బతిమాలక్కర్లేదు.

కూకట్‌పల్లిలో రూమ్‌లో ఉంటున్నాం, ముగ్గురం. కిటికీ తెరిస్తే పక్క బిల్డింగ్ గోడే. మెంతి, కొత్తిమీర ట్రేల్లో పెంచుదామని ఐడియా. ఆన్‌లైన్‌లో ‘1000 వాట్స్’ అని ఊదారంగు గ్రో లైట్ చూశాం. మొక్కలకి ఎరుపు, నీలం వెలుగు మాత్రమే పనికొస్తుందట, తెల్ల లైటు వేస్టట. నిజమేనా అన్నా? మామూలు ఎల్‌ఈడీ ట్యూబ్ సరిపోదా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, హైదరాబాద్

తమ్ముడూ, సరిపోతుంది. ఎందుకో చెబుతాను, నువ్వు లెక్కలు చేసేవాడివి కాబట్టి కాస్త లోతుకు వెళ్దాం.

డబ్బా మీద రాసే ల్యూమెన్లు, మీటర్ చూపే లక్స్, ఇవి మనిషి కంటి కోసం చేసిన కొలతలు. మన కంటికి ఆకుపచ్చ, అంటే 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి వెలుగు, బాగా ఆనుతుంది. ఎరుపు, నీలం తక్కువ ఆనతాయి. అందుకని ఆ కొలత ఆకుపచ్చకి ఎక్కువ మార్కులు వేస్తుంది. మొక్కకి 400 నుంచి 700 నానోమీటర్ల దాకా ఉన్న వెలుగంతా పనికొస్తుంది, దాంట్లో ఎన్ని కాంతి కణాలు పడ్డాయన్నదే లెక్క. సెకనుకు చదరపు మీటరు మీద ఎన్ని మైక్రోమోల్స్ అని కొలుస్తారు. లక్స్ నుంచి దీనికి రావడానికి ఉజ్జాయింపు లెక్క ఒకటుంది: ఎండ అయితే లక్స్‌ని 54తో, తెల్ల ఎల్‌ఈడీ అయితే సుమారు 70తో భాగించు. లక్ష లక్స్ ఎండ అంటే 1,850 మైక్రోమోల్స్ అన్నమాట.

ఇక ఎరుపు, నీలం కథ. దీనికి మూలం చాలా పాతది. 1880లలో ఎంగెల్‌మాన్ అనే జర్మన్ శాస్త్రవేత్త నాచు పోగు మీద ఇంద్రధనుస్సు రంగులు పడేలా చేసి, ఆక్సిజన్ కోసం వెంపర్లాడే బ్యాక్టీరియాని చుట్టూ వదిలాడు. అవి ఎరుపు, నీలం పడిన చోటే గుమిగూడాయి. పాఠ్యపుస్తకాల్లో ఆ బొమ్మే మిగిలింది. కానీ నాచు పోగు వేరు, పంట ఆకు వేరు. 1972లో మెక్‌క్రీ అనే ఆయన 22 రకాల పంట మొక్కల ఆకులు తీసుకుని ఒక్కో రంగుకీ విడివిడిగా కొలిచాడు. ఎరుపు ముందున్న మాట నిజమే గానీ ఆకుపచ్చ వెలుగు కూడా బాగానే పనిచేసింది. ఆకు పచ్చగా కనిపిస్తుంది కాబట్టి పచ్చ వెలుగునంతా తిప్పికొడుతుందని అనుకుంటాం. నిజానికి దాంట్లోనూ ఎక్కువ భాగం ఆకే పీల్చుకుంటుంది. పైగా ఎరుపు, నీలం ఆకు పైపొరల్లోనే ఖర్చయిపోతే, పచ్చ వెలుగు లోపలి పొరల దాకా, కింది ఆకుల దాకా దిగుతుంది.

ఊదా లైటు పనిచేయదని కాదు, పనిచేస్తుంది. కానీ ఆ గదిలో మీరు ముగ్గురూ పడుకోవాలి, చదువుకోవాలి. ఆ వెలుగులో ఆకు పసుపెక్కిందో, పేనుబంక పట్టిందో కూడా కనపడదు. ఇక ‘1000 వాట్స్’ అన్నది మోడల్ పేరు అనుకో. అలాంటివాటిలో గోడ నుంచి నిజంగా లాగే కరెంటు చాలాసార్లు వంద వాట్ల దగ్గర ఉంటుంది. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో అసలు వాట్లు ఉంటాయి, వాటికే డబ్బులివ్వాలి. నిజంగా గ్రో లైటే కొనాలనుకుంటే వాట్‌కు ఎన్ని మైక్రోమోల్స్ అన్నది రాసి ఉందా చూడు. 2.5 పైన ఉంటే మంచి సరుకు. ఏమీ రాయకపోతే పక్కన పెట్టెయ్.

ఇప్పుడు మీ ట్రే సంగతి. నాలుగడుగుల 20 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ బ్యాటన్ (నువ్వడిగిన ట్యూబ్ లాంటిదే) ఒకటి, సుమారు 2,000 ల్యూమెన్లది, ట్రేకి అరడుగు ఎత్తున కడితే కింద 5,000 లక్స్ చుట్టుపక్కల పడుతుంది. 70తో భాగిస్తే 70 మైక్రోమోల్స్. రోజుకి 14 గంటలు వేస్తే రోజు మొత్తం మీద మూడున్నర మోల్స్. (పది లక్షల మైక్రోమోల్స్ ఒక మోల్. మైక్రోమోల్స్‌ని గంటలతో, ఆపైన 0.0036తో గుణించు, అంతే.) పది రోజుల్లో కోసేసే మొలక మెంతికి, ఆవాల మైక్రోగ్రీన్స్‌కి ఇది చాలు. కూరకి పనికొచ్చే మెంతికూర కావాలంటే రెండు బ్యాటన్లు, పక్కపక్కన. కొత్తిమీర మంచి వాసనతో, కాడ గట్టిగా రావాలంటే రోజుకి పది మోల్స్ దగ్గరికి చేరాలి, అంటే మూడు నాలుగు బ్యాటన్లు. టమాటా, మిర్చి ఆశ పెట్టుకోకు. వాటికి ఇరవై పైన కావాలి. వేసవిలో మన డాబా మీద రోజుకి నలభై దాటుతుంది, ఊరికే.

ఎత్తు విషయంలో జాగ్రత్త. బ్యాటన్‌ని అరడుగు నుంచి అడుగుకి లేపితే వెలుతురు సగమవుతుంది. గుండ్రటి బల్బు అయితే నాలుగో వంతుకి పడిపోతుంది. సీలింగ్‌కి బిగించిన ట్యూబ్‌లైటు మొక్కకి అందదనేది అందుకే. ఎల్‌ఈడీ అంత వేడెక్కదు కాబట్టి దగ్గరగా కట్టినా ఆకు మాడదు. ట్రే చుట్టూ తెల్ల థర్మాకోల్ నిలబెట్టు, పక్కలకి పోయే వెలుతురు వెనక్కి వస్తుంది. వెలుగు ఛాయని చెప్పే కెల్విన్ అంకె 4000 ఉన్నది కొన్నా, 6500 ఉన్నది కొన్నా ఫరవాలేదు. రెండు బ్యాటన్లు 14 గంటలకి నెలకి దాదాపు 17 యూనిట్లు. కరెంటు బిల్లు ముగ్గురూ పంచుకునేటప్పుడు ముందే మాట్లాడుకోండి.

లైటు 24 గంటలూ వేసి ఉంచితే మొక్క రెండింతలు పెరుగుతుందా?
– ఏడో తరగతి విద్యార్థిని, ఖమ్మం

పెరగదు తల్లీ. చాలా మొక్కలకి రాత్రి చీకటి కావాలి. టమాటాకి ఆపకుండా వెలుతురు ఇస్తే ఆకులు పసుపెక్కి పాడైపోతాయి. 14, మహా అయితే 16 గంటలు. ప్లగ్గుకి పెట్టే టైమర్ ఒకటి కొనిపించుకో, నువ్వు స్కూలుకెళ్లినా అది చూసుకుంటుంది.

కడియం వెళ్లి పైకస్, క్రోటన్ మొక్కలు తెచ్చుకున్నాం. నర్సరీలో నిగనిగలాడుతున్నవి, ఇంట్లో పెట్టిన పది రోజులకే ఆకులు జలజలా రాల్చేశాయి. మోసపోయామా?
– పాఠకురాలు, నల్గొండ

మోసం కాదండి. మాది కడియపులంకే, మా వాళ్ల తరఫున మాట్లాడుతున్నానని అనుకోకండి. అక్కడ మొక్కలు ఆరుబయట గానీ, 50 శాతం షేడ్ నెట్ కింద గానీ పెరుగుతాయి. నెట్ కింద కూడా మధ్యాహ్నం నలభై, యాభై వేల లక్స్ ఉంటుంది. దాన్ని తెచ్చి ఐదొందల లక్స్ గదిలో పెడితే, అన్ని ఆకుల్ని పోషించే తాహతు మొక్కకి ఉండదు. ఉన్నవాటిని వదిలించుకుంటుంది. పైకస్ మరీ సున్నితం, గదిలో ఈ మూల నుంచి ఆ మూలకి జరిపినా అలుగుతుంది.

తెచ్చిన మొక్కని మొదట రెండు మూడు వారాలు వరండాలో, ఆ తరవాత కిటికీ పక్కన, చివరగా మీరనుకున్న చోట పెట్టండి. ఆకులు రాలినదాన్ని పారేయకండి. కొమ్మ గోటితో గీరితే లోపల పచ్చగా ఉందా? ఉంటే కిటికీ దగ్గరికి చేర్చి, నీళ్లు సగం చేసి, వదిలేయండి. కొత్త చిగుళ్లు ఆ వెలుతురుకి తగ్గట్టే వస్తాయి. లోపలి నుంచి బయటికి తెచ్చేటప్పుడు కూడా ఇదే పద్ధతి. నీడలో పుట్టిన ఆకుని ఒక్కసారిగా ఎండలో పెడితే ఒక్క మధ్యాహ్నంలో తెల్లగా పాలిపోతుంది.

న్యూజెర్సీలో ఉంటున్నాం. కరివేపాకు మొక్కని ప్రాణంలా చూసుకుంటున్నాను. వేసవిలో డెక్ మీద గుబురుగా ఉంటుంది. అక్టోబర్‌లో లోపలికి తెచ్చాక క్రిస్మస్ నాటికి పుల్లలు మిగులుతున్నాయి. గ్రో లైట్ పెట్టినా అంతే. ఇంకా ఎక్కువ వాట్స్‌ది కొనాలా?
– ఒక పాఠకురాలు, ఎడిసన్

విజయవాడ మాస్టారికి చెప్పిందంతా మీకు తిరగేయాలండి. మీరు 40 డిగ్రీల పైన ఉన్నారు. డిసెంబర్ చివర్లో పగలు తొమ్మిదింపావు గంటలే. మధ్యాహ్నం సూర్యుడు 26 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఆ వాలు ఎండని పట్టుకునేది దక్షిణం కిటికీ ఒక్కటే. మొక్క వేరే వైపు ఉంటే ముందు అక్కడికి మార్చండి.

అయితే ఒక్క వెలుతురునే పట్టుకుని టెన్షన్ పడకండి. కరివేపాకు వేడి ప్రాంతపు చెట్టు. రాత్రి చలికి కిటికీ పక్కన కుండీ చల్లబడి 15 డిగ్రీల సెల్సియస్ కిందికి వెళ్తే అది ఎదుగుదల ఆపేసి నిద్రకి పడుతుంది. ఆకులు కొంత రాల్చడం దాని నైజం. పైన ఎంత లైటున్నా వేరు చల్లగా ఉంటే కదలదు. కుండీ కింద చెక్క పలకో, థర్మాకోలో వేయండి. హీటర్ గాలి నేరుగా తగిలే చోటు వద్దు. ఆ పొడి గాలికి ఎర్రనల్లి చేరుతుంది, ఆకు అడుగున సన్నటి బూజులా కనిపిస్తుంది. అది కూడా ఆకులు రాల్చేస్తుంది, మనం లైటుని తిడతాం.

మీ లైటు నిజంగా 30, 40 వాట్లు లాగేదైతే చాలు. దాన్ని చివరి చిగురుకి అడుగు ఎత్తులో, రోజుకి 14 గంటలు. మూడడుగుల దూరంలో, స్టాండ్ మీద అందంగా పెట్టి ఉంటే మాత్రం అది అలంకారమే. నీళ్లు మట్టి పైన రెండంగుళాలు ఎండాకే. పుల్లలు మిగిలినా కత్తిరించకండి, ఎండిందో లేదో ఏప్రిల్‌లో చూద్దురుగాని. మే నెలలో మంచు భయం పోయాక బయట పెట్టేటప్పుడు మొదటి రెండు వారాలు నీడలోనే. ఈలోగా పులుసులోకి మాత్రం కొట్లో కొన్న కరివేపాకే గతి.

గేటు పక్కన కుండీల్లో చామంతి ఏపుగా, నడుం ఎత్తు పెరిగింది. ధనుర్మాసం వచ్చినా మొగ్గ లేదు. ఎదురింట్లో అదే రకం, నా దగ్గర తీసుకున్న పిలకే, విరగబూసింది. దిష్టి అంటోంది మా అత్తగారు.
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

మీ గేటు ముందు వీధిలైటు ఉందా? ఉండే ఉంటుంది. చామంతి పగటిని కాదు, రాత్రిని లెక్కపెడుతుంది. రాత్రులు పొడుగయ్యాయని తెలిస్తేనే మొగ్గ తొడుగుతుంది. అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు పొగాకు మొక్కల మీద ఈ సంగతి కనిపెట్టి 1920లో ప్రకటించారు. ఆ చీకటి మధ్యలో కాస్త వెలుగు పడినా ‘ఇంకా పొడుగు పగళ్లే’ అనుకుని ఆకులే వేస్తూ పోతుంది. అందుకు పెద్ద వెలుగేం అక్కర్లేదు, చదువుకోవడానికి కూడా చాలని వీధిలైటు చాలు.

మొదటి ప్రశ్నలో వేలకు వేలు లక్స్ అడిగిన మొక్కలే, ఇక్కడ గుడ్డి వెలుగుకి మోసపోతున్నాయి చూడండి. తిండికి కావాల్సిన వెలుతురు వేరు, కాలం తెలుసుకోవడానికి చూసే వెలుతురు వేరు. బెంగళూరు చుట్టుపక్కల చామంతి రైతులు ఇదే కిటుకుని వ్యాపారానికి వాడుకుంటారు. రాత్రిళ్లు తోటలో బల్బులు వెలిగించి పూతని ఆపి, ధర ఉన్న రోజులకి పూయిస్తారు. ఆ రోడ్ల మీద రాత్రి బస్సులో వెళ్తే పొలాలన్నీ పెళ్లివారిల్లులా వెలుగుతుంటాయి.

మీరు కుండీల్ని పెరటివైపు, ఏ బల్బూ పడని చోటికి మార్చండి. మార్చలేకపోతే సాయంత్రం ఆరింటి నుంచి పొద్దున్న ఏడింటి దాకా పెద్ద అట్టపెట్టె బోర్లించండి, మొగ్గలు రంగు చూపే వరకు రోజూ. ఒక రోజు చేసి ఒక రోజు మానేస్తే లాభం లేదు. ఇప్పుడు మొదలుపెట్టినా ఈ సంక్రాంతికి అందవు, శివరాత్రి దాటకుండా పూస్తాయి. అత్తగారి మాట కాదనకండి, దిష్టి తీసి మరీ కుండీ జరపండి.

మా మేనేజర్ గారి కేబిన్‌కి కిటికీ లేదు. టేబుల్ మీద ఏ మొక్క పెట్టినా రెండు నెలలే. ‘నీడలో పెరిగే మొక్క’ అని అమ్మినవే కొన్నాం. కొత్తది తెచ్చే డ్యూటీ ప్రతిసారీ నాదే. శాశ్వత పరిష్కారం చెప్పండి.
– ప్రైవేటు ఉద్యోగి, విశాఖపట్నం

నీడలో పెరిగే మొక్క అంటూ ఏదీ లేదండి, నీడలో నెమ్మదిగా చచ్చే మొక్కలున్నాయి. ఆఫీసు దీపాల కింద టేబుల్ మీద 400 లక్స్ ఉంటుందనుకోండి. తొమ్మిది గంటల పనికి రోజు మొత్తం మీద 0.2 మోల్స్ కూడా రాదు. శని, ఆదివారాలు అదీ లేదు. స్నేక్ ప్లాంట్ కూడా దీన్ని ఎక్కువ కాలం ఓర్చుకోదు.

మాలాంటి వాళ్లం చేసేది చెబితే నవ్వుతారేమో. ప్రతి కేబిన్‌కీ రెండు మొక్కలు పెట్టుకుంటాం. ఒకటి లోపల ఉంటే దాని జోడీ మా షేడ్ నెట్ కింద కోలుకుంటూ ఉంటుంది. రెండు మూడు వారాలకోసారి మారుస్తాం. మీ ఆఫీసులో కిటికీ ఉన్న వరండా ఏదైనా ఉంటే మీరూ ఇదే చేయొచ్చు, జీజీ ప్లాంట్లు రెండు కొంటే చాలు.

లేదా టేబుల్ ల్యాంపులో 9 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ బల్బు వేసి ఆకులకి అడుగు పైన వంచి పెట్టండి. మూడు వేల లక్స్ వస్తుంది, పది గంటలు వెలిగితే రోజుకి ఒకటిన్నర మోల్స్ పైనే. మనీ ప్లాంట్‌కైనా చాలు. టైమర్ పెట్టండి, సెలవు రోజుల్లో కూడా వెలగాలి. రాత్రి తాళం వేసే సెక్యూరిటీ అతనికి ఒక మాట చెప్పి, స్విచ్ దగ్గర ‘ఆపవద్దు’ అని కాగితం అంటించండి. మొక్క బతికిందా లేదా అన్నది ఆ కాగితం మీదే ఆధారపడి ఉంటుంది.